ఫారిన్ పోయేవాళ్లకు "అన్నీ ఎక్కించిన ట్యాబ్" అమ్ముతున్నారు, జాగ్రత్త

కువైట్‌కో దుబాయ్‌కో పనికి పోయేవాళ్లకు, అమెరికాలో పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మానాన్నలకు, ఉమ్రాకు పోయేవాళ్లకు నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి వైపు ఒక సరుకు అంటగడుతున్నారు. ట్రావెల్ ట్యాబ్ అంటారు, ఫారిన్ ట్యాబ్ అంటారు. పది అంగుళాల ట్యాబ్, దాని కవరు, చిన్న కీబోర్డు, ఒక మెమరీ కార్డు, పవర్ బ్యాంకు. "వీసా, టికెట్టు, మ్యాపులు, అరబ్బీ మాటలు అన్నీ ఎక్కించే ఉండాయి పెద్దాయనా, ఆడ దిగి ఆన్ చేసుకోవడమే" అంటారు. ఐదారు వేలకే 12 జీబీ ర్యామ్, 512 జీబీ మెమరీ అని అట్టపెట్టె మీద అచ్చేసి ఉంటుంది.

కొనొద్దు. ఇప్పటికే కొనుంటే చెన్నై బండెక్కక ముందే ఈ కింది పరీక్షలు చేయండి. ఇంట్లో వైఫై ఉన్నంతసేపు ఈ సరుకు బాగానే నడుస్తుంది. దాని బండారం బయటపడేది విమానం దిగాక, నెట్ లేని చోట.

అన్నిటికంటే ప్రమాదం మెమరీతోనే. సెట్టింగ్స్‌లో కనిపించే అంకెను నమ్మడానికి లేదు, ఆ అంకె చూపించే సాఫ్ట్‌వేర్‌నే మార్చి పెడతారు. మెమరీ కార్డయితే లోపలి కంట్రోలర్ చిప్‌లో 512 అని రాసేస్తారు. అసలు ఉండేది 16 జీబీయో 32 జీబీయో. శేరు డబ్బా మీద పుట్టి అని రాసినంత మాత్రాన పుట్టెడు వడ్లు పట్టవు కదా. కానీ ఇక్కడ డబ్బా నిండిందని మనకు తెలియదు, అదే చిక్కు. ఫైళ్లు ఎక్కించేటప్పుడు ఒక్క ఎర్రర్ కూడా రాదు. ఫైలు పేరు, సైజు, తేదీ అన్నీ సరిగ్గా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ పేర్ల పట్టిక కార్డు మొదట్లోనే, నిజంగా ఉన్న జాగాలోనే ఉంటుంది. అసలు కొలత దాటి వచ్చిన డేటా మాత్రం ఎక్కడా నిలవదు, లేదంటే పాత ఫైళ్ల మీదే పడి వాటినీ చెడగొడుతుంది. పాస్‌పోర్టు స్కాన్ నొక్కితే పైన ఫొటో, కింద సగం బూడిద రంగు పట్టీ వస్తుంది, లేదా ఫైలే తెరుచుకోదు. సినిమాలు, పెళ్లి వీడియోలు ముందు ఎక్కించి, బయల్దేరే ముందు రోజు వీసా కాగితాలు ఎక్కించినవాళ్లకు సరిగ్గా ఆ కాగితాలే పోతాయి. నెల్లూరు రొట్టెల పండుగలో విదేశీ రొట్టె పట్టుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూసి వీసా తెచ్చుకునేవాళ్లున్న జిల్లా ఇది. అట్లాంటివాళ్ల కాగితాలు ఇంత చవక మోసానికి పోవడం చూస్తే కడుపు మండుతుంది.

దొంగ కార్డును పట్టుకునే పద్ధతి ఒక్కటే, మొత్తం నింపి తిరిగి చదివించడం. దీనికి పరీక్ష ప్రోగ్రాములు ఉన్నాయి: విండోస్ కంప్యూటరైతే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్ లేదా మ్యాక్ అయితే ఎఫ్3, రెండూ ఉచితమే. ఖాళీ కార్డు పెట్టి, మొత్తం జాగాకు పరీక్ష నడపాలి. రెండు మూడు జీబీలు రాసి "బాగుంది" అనుకుంటే లాభం లేదు, దొంగ కార్డు కూడా అంతవరకు బాగానే ఉంటుంది. సెకనుకు 10 ఎంబీ వేగంతో 64 జీబీ రాయడానికే దాదాపు గంటా ముప్పావు, తిరిగి చదవడానికి మళ్లీ సమయం. షాపులో కుదరదు కాబట్టి కొన్నరోజే ఇంట్లో చేయండి, వారం ఆగొద్దు.

ట్యాబ్ సంగతి షాపులోనే చాలావరకు తేలుతుంది. లోపలి వివరాలు చూపించే డెవ్‌చెక్ గానీ ఐడా64 గానీ ప్లే స్టోర్ నుంచి మీరే దించుకోండి, వాళ్లు ముందే వేసి ఉంచిన యాప్ చూడొద్దు. అందులో ఏపీఐ లెవెల్ అని, లోపల ఉన్నది ఏ ఆండ్రాయిడో చెప్పే ఒక అంకె ఉంటుంది. ఆండ్రాయిడ్ 13కు అది 33, ఆండ్రాయిడ్ 12కు 31, ఆండ్రాయిడ్ 8.1కు 27. పైన 13 అని చూపిస్తూ ఇక్కడ 27 ఉంటే పేరు మార్చిన పాత సరుకు అది. ర్యామ్ "4+8" అని రాసి ఉంటే ఆ 8 ర్యామ్ కాదు, మెమరీలోంచి తీసుకున్న జాగా. తర్వాత ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ లోకి పోతే ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్, అంటే గూగుల్ ఆమోదం ఉందో లేదో, కనిపిస్తుంది. సర్టిఫై కాలేదని ఉంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి. కొన్ని బ్యాంకు యాప్‌లు దాంట్లో నడవవు.

"అన్నీ ఎక్కించాం" అన్నదాని వెనక ఇంకో గుంట ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. అవన్నీ ఎక్కించింది ఎవరి గూగుల్ అకౌంట్‌తో? అమ్మినవాడి అకౌంట్ అందులో అట్లనే ఉండి, ఫొటోల బ్యాకప్ ఆన్‌లో ఉంటే, మీరు తీసిన పాస్‌పోర్టు ఫొటో, వీసా ఫొటో, ఆధార్ ఫొటో నేరుగా వాడి గూగుల్ ఫొటోస్‌లోకి పోతాయి. మీకు కనీసం తెలియదు. కొనే ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్లు తెరిపించి, అందులో ఉన్న ప్రతి అకౌంట్‌నూ వాళ్ల చేతే తీయించండి. తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్, అంటే అన్నీ తుడిచేయడం. వరస ముఖ్యం. అకౌంట్ తీయకుండా బటన్లు పట్టుకుని రికవరీ మోడ్‌లో రీసెట్ చేస్తే, ఆన్ అయ్యాక పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడిగి తాళం పడుతుంది. సెకండ్‌హ్యాండ్ ఐప్యాడ్, ఐఫోన్‌కూ ఇదే మాట, పాత యజమాని ఐక్లౌడ్‌లోంచి బయటికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.

మ్యాపుల మాట. మంచి కంపెనీ ట్యాబ్ కొన్నవాళ్లు కూడా దెబ్బతినేది ఇక్కడ. వైఫై మోడల్ ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు, సిమ్ వేసే మోడల్‌లోనే ఉంటుంది. చవక ట్యాబ్‌లలో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. వైఫై ఉన్నచోట చుట్టుపక్కల రౌటర్లను బట్టి నీలం చుక్క కనిపిస్తుంది కాబట్టి జీపీఎస్ ఉందనుకుంటారు. పరీక్ష ఇట్లా చేయండి: ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఆఫ్ చేసి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, ఆకాశం కనిపించే చోట మేడ మీద నిలబడండి. జీపీఎస్ టెస్ట్ లాంటి యాప్‌లో కనీసం నాలుగు ఉపగ్రహాలు పట్టుకుంటేనే చోటు సరిగ్గా తేలుతుంది. నెట్ లేకుండా మొదటిసారి ఆలస్యమవుతుంది. ఉపగ్రహాలన్నిటి జాబితా ఆకాశం నుంచి పూర్తిగా దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, అందుకని పావుగంటైనా ఆగి అప్పుడు తేల్చుకోండి.

వాళ్లు ఎక్కించి ఇచ్చే గూగుల్ మ్యాపుల మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. దించుకున్న మ్యాపుకు గడువుంటుంది, అప్‌డేట్ చేయకపోతే పోతుంది. పైగా నెట్ లేనప్పుడు గూగుల్ మ్యాప్స్ కారు దారే చూపిస్తుంది, నడక దారి, బస్సు, మెట్రో దారి చూపించదు. మన పెద్దవాళ్లకు కావాల్సింది సరిగ్గా అవే. ఆర్గానిక్ మ్యాప్స్‌లో గానీ ఓస్మ్‌అండ్‌లో గానీ పోయే దేశం మ్యాపు మీరే దించుకోండి, నడక దారి నెట్ లేకున్నా చూపిస్తాయి. ఉండబోయే ఇల్లు లేదా క్యాంపు, దగ్గరి ఆసుపత్రి, మన ఎంబసీ, ఈ మూడూ ఇంట్లోనే గుర్తు పెట్టి ఉంచుకోండి.

చేతిలో పట్టే అనువాద యంత్రాలు కూడా ఇదే కిట్‌తో వస్తున్నాయి. వందకు పైగా భాషలని పెట్టె మీద ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నెట్ ఉంటేనే పలుకుతాయి. నెట్ తీసేసి తెలుగు మాట్లాడించి చూడండి, అంతే. దానికి పెట్టే డబ్బు దండగ. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, అరబ్బీ రెండూ నెట్ లేకుండా వాడుకునేలా ఉచితంగా దించుకోవచ్చు.

ట్యాబ్ బదులు ఫారిన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొంటున్నారా? అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14, ఆ తర్వాతివాటికి సిమ్ పెట్టే జాగానే లేదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే. ఏ ఐఫోన్‌కైనా సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ కింద క్యారియర్ లాక్ (ఒకే కంపెనీ సిమ్‌కు వేసే తాళం) దగ్గర సిమ్ ఆంక్షలు లేవని ఉండాలి. ఏ ఫోన్‌కైనా *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది, ఈసిమ్ సౌకర్యం ఉంటే దాని 32 అంకెల నంబరు ఈఐడీ కూడా కనిపిస్తుంది. ఆ ఐఎంఈఐని కేవైఎం అన్న ఇంగ్లిష్ అక్షరాల తర్వాత ఖాళీ వదిలి రాసి 14422కు మెసేజ్ పంపండి. దొంగ ఫోనో, నకిలీ నంబరో తేలుతుంది.

అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ ఆపేశాయి, సింగపూర్‌లో 2024లో, ఆస్ట్రేలియాలో 2024 అక్టోబర్‌లో ఆగిపోయింది. అక్కడి నెట్‌వర్క్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం) పనిచేయని ఫోన్‌కు నెట్ వచ్చినా కాల్ రాకపోవచ్చు. ఆస్ట్రేలియాలోనైతే అత్యవసర 000 నంబరుకు వోల్టీ మీద కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్‌లోకే రానివ్వరు.

కిట్‌లోని పవర్ బ్యాంకు వెనక వాట్‌అవర్లు గానీ వోల్టులు, ఎంఏహెచ్ గానీ చదవగలిగేలా లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. విమానంలోకి మామూలుగా 100 వాట్‌అవర్ల వరకే, అదీ చేతి బ్యాగులోనే. 20,000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్టుల లెక్కన 74 వాట్‌అవర్లు, ఇబ్బంది లేదు.

డిజిలాకర్ ఉంది కదా అనుకోకండి. తెరవడానికి ఓటీపీ కావాలి, ఇక్కడి సిమ్‌కు రోమింగ్ పెట్టించకపోతే అది రాదు. అక్కడి ఇమిగ్రేషన్‌లో చూసేది చేతిలోని పాస్‌పోర్టునే. వీసా, ఉద్యోగ ఒప్పందం, ఈసీఆర్ పాస్‌పోర్టైతే (పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాలని ఉండేది) ఆ అనుమతి, అంటే ఈమైగ్రేట్ క్లియరెన్సు, టికెట్టు జిరాక్సులు రెండు సెట్లు తీయించి ఒకటి చేతి బ్యాగులో పెట్టుకోండి, ఒకటి ఇంట్లో ఇవ్వండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు బిల్లు వెతకండి. దాని మీద మోడల్, మెమరీ, ఐఎంఈఐ లేకపోతే ఈరోజే పోయి రాయించండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉన్నా భయపడొద్దు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయ వ్యాపారమే. పరీక్ష ఫలితం తెర ఫొటో తీసి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. దాంతో కాకపోతే నెల్లూరు, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. ఐదు లక్షల లోపు సరుకుకు ఫిర్యాదు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. విమానమెక్కాల్సినవాళ్లు బిల్లు, ట్యాబ్ ఇంట్లోవాళ్ల చేతికిచ్చి, వాళ్ల పేరున ఆథరైజేషన్ లెటర్ సంతకం పెట్టి పోండి.