పడ్డ భయం పోవాలంటే ఇలాంటి కోచ్ కావాలి
హైదరాబాద్ శివార్లలో మా అమ్మాయి వెళ్తున్న రైడింగ్ స్కూల్ చాలా నచ్చింది మాకు, వేరేచోట గుర్రం మీంచి పడ్డాక ట్రాట్ (గుర్రం ఎగిరెగిరి వేసే చిన్న పరుగు) అంటేనే వణికేది పాపం. ఇక్కడ కోచ్ గారు అస్సలు తొందరపెట్టలేదు, పొడవాటి తాడుతో గుర్రాన్ని తన చుట్టూ గుండ్రంగా తిప్పుతూ, పగ్గాలు పిల్ల చేతికివ్వకుండా ముందు సరిగ్గా కూర్చోవడమే నేర్పించారు, కంట్రోల్ ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి ఊపిరి బిగబట్టడం మానేసి నడుము వదులు చేయగలిగింది. రైడర్ బిగుసుకుంటే గుర్రమూ బిగుసుకుంటుంది, చిన్న చిన్న సైగలతో గుర్రాన్ని లయగా నడిపించే డ్రెస్సాజ్‌లో అసలు సంగతి అదే. ఆ తర్వాతే 20 మీటర్ల సర్కిల్స్, వాక్ నుంచి ట్రాట్, మళ్ళీ వాక్. 2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెస్సాజ్ టీమ్ గోల్డ్ కొట్టింది కదా, ఆ వీడియోలు కూడా చూపించి వివరిస్తారు. ఫీజు కాస్త ఎక్కువే. మొదట్లో మాత్రం నెమ్మదైన, వయసున్న గుర్రాన్నే అడగండి.