మధ్యాహ్నం తేలిగ్గా తినాలంటే: పెసరట్టా, దద్దోజనమా?

ఏసీ రెస్టారెంట్‌లో ఫుల్ మీల్స్ తింటే ఇక ఆఫీసులో కునుకే. తేలిగ్గా కానివ్వాలంటే రెండు దారులు.

పెసరట్టులో ముందు చూడాల్సింది అంచు. పొట్టు పెసలు ఐదారు గంటలు నాని, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చితో కాస్త బరకగా నలిగితేనే అంచు కరకరలాడుతుంది. మెత్తగా రుబ్బేస్తే దోసెలా సాగుతుంది. ఈ పిండి పులియబెట్టేది కాదు. పొద్దుటి పిండి మధ్యాహ్నం దాకా బయటే ఉంటే పులుపెక్కి, అట్టు పెనానికి అంటుకుంటుంది. అందుకే లంచ్ వేళ ఆర్డరిచ్చే ముందు పిండి ఎప్పటిదో అడగండి. చాలాచోట్ల ఆ టైంలో టిఫిన్ సెక్షనే మూసేస్తారు. ఉప్మా వేరే గిన్నెలో తెమ్మనండి. లోపల పెట్టి మడిస్తే ఆవిరికి అట్టు ఐదు నిమిషాల్లో మెత్తబడుతుంది, పైగా అది తేలికైన భోజనం అనిపించుకోదు. అల్లం పచ్చడి మాత్రం వదలొద్దు.

దద్దోజనానికి ఈ తంటాలు లేవు. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పాలు పోసి మెదిపి, చల్లారాక పెరుగు కలపాలి. పొగలు కక్కే అన్నంలో పెరుగేస్తే విరిగి నీళ్లూరుతుంది. ఆవాలు, మినప్పప్పు, మిరియాలు, ఇంగువ పోపు వడ్డించే ముందు పడితేనే పప్పు పంటికి తగులుతుంది. దానిమ్మ గింజలు చల్లితే ధర పెరుగుతుంది, రుచి కాదు.

ఎండాకాలంలో, ఒంటిగంట దాటాక నా ఓటు దద్దోజనానికే. నాలుగింటికి టిఫిన్లు మొదలయ్యేదాకా ఆగగలిగితే పెసరట్టు.