మట్టి కుండీయా, గ్రో బ్యాగా, ప్లాస్టిక్ తొట్టా? మిద్దెతోటకు ఏది మేలు?

మిద్దెతోట మొదలుపెట్టేవారికి విత్తనాల కంటే ముందు వచ్చే సందేహం ఇది. చాలామంది ధర చూసి తేల్చుకుంటారు. నన్నడిగితే ముందు చూడవలసింది ఎండను. మే నెలలో విజయవాడలోనైనా హైదరాబాదులోనైనా మధ్యాహ్నం మిద్దె మీద అరికాలు ఆనదు. ఆ వేడి అంతా వేళ్లకు చేరుతుంది. ఆకులు వాడితే మనకు కనిపిస్తుంది, వేళ్లు ఉడికితే కనిపించదు.

ఎండకు తట్టుకోవడంలో మట్టి కుండీకి సాటి లేదు. దాని గోడల గుండా చెమ్మ బయటికి వచ్చి ఆవిరవుతుంది. కూజాలో నీళ్లు చల్లబడినట్టే లోపలి మట్టీ చల్లబడుతుంది. గాలి ఆడుతుంది కాబట్టి వేరుకుళ్లు బెడద కూడా తక్కువ. వేలి కణుపుతో కుండీని తట్టి చూడండి: ఖంగుమంటే లోపల ఎండిపోయినట్టు, మొద్దుగా పలికితే ఇంకా తడి ఉన్నట్టు. పొద్దున్నే ఒక్కో కుండీని అలా తట్టుకుంటూ నడవడం నాకు ఎంతో ఇష్టమైన పని.

మల్లెకు మాత్రం మట్టి కుండీయే కావాలంటాను. చలికాలంలో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి మొక్కను కొన్నాళ్లు ఎండగట్టాలి. మట్టి కుండీ త్వరగా ఆరడం అప్పుడు కలిసివస్తుంది. తరువాత పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త చిగుళ్ల కొసన మొగ్గలు గుత్తులుగా వస్తాయి. కొత్త కుండీని ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, అడుగు రంధ్రం మీద చిన్న పెంకు ముక్క వేసి మట్టి నింపండి. కొన్నాళ్లకు బయట పట్టే తెల్లటి పొర నీళ్లలోని లవణాలే. కొబ్బరి పీచుతో తోమితే చాలావరకు పోతుంది.

అయితే మట్టి కుండీ బరువు, పైగా పగులుతుంది. వేసవిలో రెండు పూటలా నీళ్లు పోయక తప్పదు. అందుకే కూరగాయలకు గ్రో బ్యాగే, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే సంచే నయం. టమాటా, వంగలకు 12 అంగుళాల లోతు కావాలి. అంత కుండీలను పైకి మోయడం కష్టం. బ్యాగులను మడిచి చంకన పెట్టుకుని మెట్లెక్కవచ్చు. తోటకూర, పాలకూరలకు లోతు తక్కువైనా వెడల్పున్న బ్యాగు మంచిది. నిండిన బ్యాగును మాత్రం ఈడ్చకండి, కుట్లు ఊడతాయి. ఎండకు కొన్నేళ్లలో ఎలాగూ చీకిపోతుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ప్లాస్టిక్ తొట్టి నీడపట్టున ఉండే బాల్కనీకి సరిపోతుంది. మనీప్లాంటుకు బాగానే ఉంటుంది. నల్ల తొట్టిని నేరుగా ఎండలో పెట్టవద్దు.

కొత్తగా మొదలుపెట్టేవారైతే మల్లెకు, తులసికి మట్టి కుండీలు, కూరలకు బ్యాగులు తీసుకోండి. ఏది కొన్నా బరువు మరవకండి: తడిసిన తోటమట్టి లీటరుకు కిలోన్నర దాకా తూగుతుంది. ఎర్రమట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, ఎరువు కలిపితే ఆ భారం బాగా తగ్గుతుంది. పెద్దవాటిని స్లాబు నడుమ కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్న వరుసలో ఉంచి, కుదురుగా ఇటుకలు పెట్టండి. నీళ్లు అడుగున నిలవవు, చీపురు కూడా దూరుతుంది.