మూడేళ్లు డ్యాష్‌క్యామ్ వాడాక: సాక్ష్యంగా ఎంతవరకు పనికొచ్చింది

కారు ముందు అద్దానికి అంటించి రోడ్డంతా రికార్డ్ చేసే కెమెరా, అదే డ్యాష్‌క్యామ్, 2022 జూన్‌లో పెట్టించా, మూడేళ్లు దాటింది. కంపెనీ పేరు చెప్పను, ఎనిమిది వేల రేంజ్‌లో 2కె కెమెరా, జీపీఎస్ ఉంది. లోపల బ్యాటరీ కాకుండా కెపాసిటర్ (కరెంటు కాసేపే నిల్వ ఉంచే చిన్న భాగం) ఉన్నదే వెతికి కొన్నా, మే నెల ఎండకి బ్యాటరీ ఉబ్బుద్దని మా మెకానిక్ ముందే భయపెట్టాడు. ఇన్ని ఎండాకాలాలు పోయినా ఒక్కసారి కూడా ఆగలేదు, అద్దానికి అంటించే టేప్ మాత్రం రెండుసార్లు మార్చా.

పిక్చర్ క్వాలిటీ గురించి యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి, అది వదిలేద్దాం. ఏదన్నా జరిగాక ఈ క్లిప్ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి పోతే ఏమవుద్దో ఎవరూ చెప్పట్లేదు, అది రాస్తా.

2024 నవంబర్, రాత్రి తొమ్మిది దాటింది, హైదరాబాద్ నిజాంపేట రోడ్‌లో యూటర్న్ తీసుకుంటున్నా. రాంగ్ సైడ్‌లో, లైట్ కూడా లేకుండా ఒక బైక్ అబ్బాయి వచ్చి నా ఎడమ హెడ్‌లైట్‌కి గుద్ది పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకుమించి ఏం కాలేదు. రెండు నిమిషాల్లో జనం మూగిపోయారు. మన రోడ్ల మీద రూల్ తెలిసిందేగా, పెద్ద బండోడిదే తప్పు. "ఇరవై వేలిచ్చి పో అన్నా" అని ఒకాయన పెద్దమనిషి అయిపోయాడు, ఆయనెవరో ఆ అబ్బాయికే తెలీదు. నేను మాట్లాడకుండా ఫోన్‌కి వైఫై కలిపి క్లిప్ పెట్టి ఆయన చేతికే ఇచ్చా. రెండుసార్లు వెనక్కి జరిపి చూశాడు. "అరే, రాంగ్ సైడ్ ఎందుకొచ్చినవ్ రా" అని అటు తిరిగాడు. నా దృష్టిలో ఎనిమిది వేలు అక్కడే వసూలైపోయాయి.

కానీ మర్నాడు ఆ బైక్ అబ్బాయి బావ స్టేషన్‌కి వెళ్లి, నేను ఫోన్ మాట్లాడుతూ గుద్దానని కంప్లైంట్ ఇచ్చాడు. ఎస్సై గారు వీడియో చూసి మొదట అడిగింది, "ఇందులో టైమ్ మధ్యాహ్నం 3:42 అని ఉంది, బయటేమో చీకటి, ఏంటండీ ఇది?" నాకు చెమటలు పట్టాయి. తర్వాత తెలిసింది, అంతకుముందు వారం ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే టైమ్‌జోన్ సెట్టింగ్ గ్రీనిచ్‌కి పోయింది, మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక. ఎదురుగా మెడికల్ షాప్ సీసీటీవీలో సరైన టైమ్ ఉండబట్టి సరిపోయింది. ఇంకోటి, ఆడియో. నేను ఫోన్ మాట్లాడట్లేదని ఆడియోనే తేల్చింది, గుద్దగానే నేను తిట్టిన తిట్లు కూడా స్టేషన్‌లో అందరూ విన్నారు.

రాంగ్ సైడ్‌లో రావడం 2019 సవరణ నుంచి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద డేంజరస్ డ్రైవింగే అని ఎస్సై గారు చెప్పగానే ఆ బావ మెత్తబడ్డాడు. రాజీ అయిపోయింది, హెడ్‌లైట్ నా ఇన్సూరెన్స్‌లో చేయించుకున్నా.

ఒకవేళ కోర్టుకి పోయుంటే కథ వేరు. మా పెదనాన్న కొడుకు అడ్వకేట్, అన్నయ్య చెప్పిందేంటంటే వీడియో కాపీ ఇస్తే దాంతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ తప్పనిసరి, పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బి, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63. ఇప్పుడది రెండు భాగాలు, ఒకటి మనం, ఇంకోటి ఎక్స్‌పర్ట్ సంతకం పెట్టాలి, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్, ఫైల్ మారితే అదీ మారుద్ది) కూడా రాయాలి. అందుకని ఒరిజినల్ మెమరీ కార్డ్ తీసి కవర్లో పెట్టి కెమెరాకి కొత్త కార్డ్ కొనమన్నాడు. నేనేమో అప్పటికే వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపేశా, నలిగి నలిగి బైక్ నంబర్ ప్లేట్ తెల్ల మచ్చలా తయారైంది. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

కార్డ్ తీయడం ఆలస్యం చేసినా క్లిప్ పోద్ది, కార్డ్ నిండితే కెమెరా పాతదాని మీదే కొత్తది రాసేస్తుంది. మూడు నిమిషాల ఫైల్ ఒక్కోటి దాదాపు 400 ఎంబీ, 128 జీబీలో పదిహేను గంటలు పడతాయి, నాకు ఆఫీస్ రానూపోనూ రెండు గంటలు, అంటే వారం తిరిగేసరికి పాతది చెరిగిపోద్ది. కుదుపు వస్తే ఫైల్ చెరగకుండా దానంతటదే వేరే ఫోల్డర్లో లాక్ అవుద్ది అంటారుగా, మా కాలనీ గుంతలకి రోజూ ఐదారు లాక్ అయ్యేవి, అసలు దెబ్బ తగిలినప్పుడు ఆ ఫోల్డర్ నిండిపోయి ఉండేది. కుదుపు సెన్సిటివిటీ తక్కువకి మార్చాక నయం.

రాత్రి ఎదురొచ్చే బండ్ల ప్లేట్ చదవడం దాదాపు అసాధ్యం, మన హెడ్‌లైట్ పడి మెరిసిపోద్ది. అందుకే నంబర్ కంటికి కనపడితే గట్టిగా పైకి చదువుతా, ఆడియోలో ఉంటుంది.

ట్రాఫిక్ పోలీసుల వాట్సాప్‌కి కూడా ఓ డజను క్లిప్పులు పంపుంటా. సిగ్నల్ రెడ్‌లో ఉండటం, బండి ప్లేట్ రెండూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్నవాటికే రిప్లై వచ్చింది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద ఒకడు అడ్డదిడ్డంగా లేన్లు మారుతుంటే ఆవేశంగా పంపబోయి ఆగా, కింద జీపీఎస్ స్పీడ్ చూస్తే నాది 127, లిమిట్ 120. ఆ క్లిప్ నేనే డిలీట్ చేశా.

పాత కార్డ్ ఇంకా బీరువాలో ఉంది. ఇప్పుడు ఎవడన్నా కట్ కొడితే నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ కెమెరా వైపు వేలు చూపిస్తుంది.