పురానాపూల్ నుంచి ఎంజీబీఎస్ దాకా ఆదివారం మూసీ నడక: నల్లగొండ నుంచి పోవచ్చా?

నల్లగొండ బస్సు హైదరాబాద్ పట్నంలో ఆగే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మూసీ నడుమ ఉన్న లంక మీద కట్టింది. బస్సు దిగి ఆటో ఎక్కే తొందరలో పక్కనే పారే నది ఎవరికీ కనపడదు. చరిత్ర, పిట్టలు, చెరువుల మీద ప్రేమున్న కొందరు కలిసి నడిపే ఈ నడక ఆ నదినే చూపిస్తుంది. నాలుగు కిలోమీటర్ల లోపే, మూడు గంటలు పడుతుంది. రుసుము లేదు.

మొదటి గంట చాలా బాగుంటుంది. పురానాపూల్ 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో కట్టిన వంతెన. అంటే 1591లో పుట్టిన హైదరాబాద్ కంటే వయసులో పెద్దది. ఇప్పుడు పైన కూరగాయల అంగళ్లు. పైన నిలబడితే వంతెన అందం తెలియదు, పక్కకు దిగి చూస్తేనే 22 కమాన్లు లెక్కకొస్తాయి. ఒడ్డు పొదల కొమ్మలకు చిక్కిన పాలిథిన్ కవర్లను కూడా గమనించండి. అవి ఏ ఎత్తున వేలాడుతున్నాయో, కిందటి వరద అంతదాకా వచ్చినట్టు.

1908 సెప్టెంబరు 28 వరద గురించి చెప్పే తీరుకు పూర్తి మార్కులు. వానతో పాటు ఎగువన చెరువులు ఒకదాని మీద ఒకటి తెగాయి. ఆ పరివాహకంలోని 788 చెరువుల్లో 221 తెగినట్టు ఇంజినీరు విశ్వేశ్వరయ్య లెక్క. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో 150 మంది దాకా ఎక్కి బతికిన చింతచెట్టు ఇంకా ఉంది. అయితే అది రోగులు తిరిగే చోటు. నలభై మంది గుంపుగా పోవడం తప్పు. పదేసి మందిని పంపి, మిగతావాళ్లను బయట ఆపితే వెనకున్నవాళ్లకు మాటలూ వినపడతాయి.

అసలు లోటు నీళ్ల దగ్గరే ఉంది. వరద తర్వాత ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. గేట్లు మూసి ఉన్నన్నాళ్లూ నయాపూల్ వంతెన కింద పారేది మూసీ పుట్టే అనంతగిరి గుట్టల నీళ్లు కాదు, నగరం వదిలిన మురుగు. ఈ ఒక్క ముక్క చెప్పకుండా నది అందం గురించి మాట్లాడితే నల్లగొండ వాళ్లకు మింగుడు పడదు. ఆ నీళ్లే కదా మన కత్వల్లోకి (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు), కాలువల్లోకి, సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టులోకి వచ్చేవి!

పిట్టల కోసమైతే బైనాక్యులర్ తప్పనిసరి. కొంగలు, నీటికాకులు, పొడుగు ఎర్రకాళ్ల పిట్టలు మురుగులోనూ దొరుకుతాయి. గుర్రపుడెక్క కమ్మిన చోట నీళ్లే కనపడవు కాబట్టి అక్కడ ఆగడం దండగ.

పోయేవాళ్లు నల్లగొండ నుంచి పొద్దుగాల మొదటి బస్సు పట్టుకున్నా ఆరున్నర మొదలుకు అందడం కష్టం. రాత్రికే పట్నం చేరడం మేలు. మడమ మూసిన బూట్లు, లీటరు నీళ్లు, టోపీ ఉండాలి. దారిలో సరైన మరుగుదొడ్డి లేదు, ముందే ఎంజీబీఎస్‌లో కానిచ్చుకొని ఆటోలో పురానాపూల్ పోండి. ముగింపు మళ్లీ ఎంజీబీఎస్ దగ్గరే కనుక తిరుగు బస్సుకు ఇబ్బంది లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం ఎదురుగానే ఉంటుంది, పది గంటలకు తెరుస్తారు. ఆదివారం రద్దీ ఎక్కువ.

వానాకాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లెత్తారని వింటే బయల్దేరొద్దు. 2025 సెప్టెంబరు చివర ఆ నీళ్లు ఏకంగా ఎంజీబీఎస్‌లోకే వచ్చాయి.

నిర్వాహకులకు ఒక మాట: నడకను ఎంజీబీఎస్ దగ్గర ఆపకండి. నెలకోసారైనా చౌటుప్పల్ నుంచి భువనగిరి దారి పట్టి సంగెం దగ్గరి భీమలింగం కత్వకు తీసుకురండి. సబ్బుల, డిటర్జెంట్ల మురుగు కత్వ మీది నుంచి దుంకేటప్పుడు గాలి కలిసి తెల్లటి నురగ గుట్టలు కడుతుంది. గాలి వీస్తే తునకలు లేచి రోడ్డు మీద పడతాయి. వాసన చాలా దూరం నుంచే తెలుస్తుంది. మూసీ అక్కడి నుంచి ఇంకా పారి, దామరచర్ల మండలం వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది.