అంబాసిడర్‌కి ఇంజిన్ మార్చాలా? పాతదే ఉంచి ఏళ్లుగా నడుపుతున్నవాడి మాట

మాది 1974 మోడల్ అంబాసిడర్, మార్క్ 2, పెట్రోల్. ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చిందే, 1489 సీసీ. బోరుకొచ్చి, అంటే సిలిండర్లు అరిగి ఆయిల్ మండుతూ నీలం పొగ మొదలయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో ఎవర్ని అడిగినా ఒకటే సలహా, దీన్ని స్క్రాపుకేసి ఇసుజు ఇంజిన్ వేసేయండి సార్ అని. ఒకాయనైతే డీజిల్ ఇంజిన్ చూపించి రెండు రోజుల్లో బిగించేస్తానన్నాడు. నేను మార్చలేదు. ఉన్నదాన్నే దింపించి బోర్ చేయించి, కొత్త పిస్టన్లు రింగులు వేయించి, అప్పట్నుంచి అదే వాడుతున్నాను.

ముందు ఇసుజు సంగతి, ఎందుకంటే ఆశ పెట్టేది అదే. తొంభైల్లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే అంబాసిడర్‌లో పెట్టిన 1817 సీసీ ఇంజిన్, ఐదు గేర్లు, పాతదానికి యాభై చిల్లర హార్స్‌పవర్ అయితే దీనికి డెబ్బై అయిదు దాకా. తెలిసినవాళ్ల బండి నడిపి చూశాను, గుంటూరు వెళ్లే దారిలో మంగళగిరి దాటేలోపే తేడా తెలిసిపోయింది, అబద్ధమెందుకు. కానీ ఇంజిన్ ఒక్కటే వచ్చి కూర్చోదు. దాంతో గేర్‌బాక్స్ రావాలి, మౌంటింగులు కోసి వెల్డింగ్ పెట్టాలి, స్టీరింగ్ పక్కనుండే గేరు కిందికి పోతుంది. పైగా నా బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పికప్ పెంచుకుని బ్రేకులు పాతవే ఉంచితే బెంజి సర్కిల్లో ఎవరి డిక్కీలో దూరతామో చెప్పలేం.

ఆర్సీ గొడవ వేరే. ఇంజిన్ నంబరు అందులో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లో ఆర్టీవో ఆఫీసులో తెలియజేసి ఎక్కించుకోవాలి, షెడ్డులో బిగించేవాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా యాభై ఏళ్లు దాటి, ఇంజిన్, ఛాసిస్, బాడీ అసలు రూపంలో ఉన్న బండ్లకే. అది తీసుకుంటే రోజూ రోడ్డు మీద తిప్పకూడదు కాబట్టి నాకిప్పుడు అక్కర్లేదు, కానీ ఆ దారి మూసేసుకోవడం ఎందుకు?

అసలు చెప్పాల్సింది ఎండాకాలం గురించి. బందరు రోడ్డులో మే నెల మధ్యాహ్నం బండి ఆగిపోతే అందరూ ఇంజిన్ పోయిందంటారు. చాలాసార్లు పోయేది ఇంజిన్ కాదు, వేడికి ఫ్యూయల్ పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరైపోయి కార్బొరేటర్‌కి అందదు, అంతే. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది అందుకే. నేను పైపుని మానిఫోల్డ్‌కి, అంటే ఇంజిన్ పక్కన బాగా వేడెక్కే గొట్టాలకి, దూరంగా మళ్లించి, మధ్యలో చిన్న రేకు పెట్టించి, రేడియేటర్ కోర్ మార్పించాక ఆ టెన్షన్ చాలావరకు పోయింది. వీటికైన ఖర్చు ఇంజిన్ మార్పు పక్కన లెక్కలోకే రాదు. స్పార్క్ ఇచ్చే పాయింట్లు, కండెన్సర్, ఇగ్నిషన్ టైమింగ్ కూడా చూపించకుండా పికప్ లేదని ఇంజిన్‌ని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను.

పెట్రోల్ విషయం మాత్రం నిజంగా పట్టించుకోవాలి. ఈ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోల్ రోజుల్లోది, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేనిదే. ఆ సీసం లేకపోతే హెడ్‌లో వాల్వు సీట్లు మెల్లగా అరిగి లోపలికి దిగుతాయి. అందుకని బోర్ చేయించేటప్పుడు హెడ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి లేత్ దగ్గర గట్టి సీట్లు వేయించుకోండి, మళ్లీ విప్పించే పని తప్పుతుంది. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చింది, పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దానికి ఆగవు. ఇథనాల్‌కి తట్టుకునేవి వేసుకోవాలి, కార్బొరేటర్ మిక్స్చర్ కూడా మళ్లీ పెట్టించాలి.

లోపాలా, ఉన్నాయి. మైలేజీ లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు, బాగుంటే పది. వేగం డెబ్బై, ఎనభై దాటిస్తే గోల చేస్తుంది, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌ని మోసేవి మూడే మెయిన్ బేరింగులు మరి. క్రాంక్ వెనక వైపు రబ్బరు సీలు ఉండదు, అందుకే నిలిపిన చోట ఆయిల్ చుక్కలు పడతాయి, మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఫస్ట్ గేరు బండి పూర్తిగా ఆగాకే వేయాలి. ఇవన్నీ ఉన్నా ఇంట్లో అందరినీ ఎక్కించుకుని కోటప్పకొండ ఘాట్ రోడ్డు సెకండ్ గేరులో నిదానంగా ఎక్కేస్తుంది.

మరి ఎవరు మార్చాలి? బ్లాకు పగిలినా, క్రాంక్ ఇప్పటికే చివరి సైజు దాకా గ్రైండ్ అయిపోయినా, రోజూ హైవే మీద తిరగాల్సిన పని ఉన్నా మార్చుకోండి, తప్పేం లేదు. అప్పుడు కూడా కంపెనీ ఇసుజు ఇంజిన్, గేర్‌బాక్స్ జంటగా తీసుకుని, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వేయించి, కాగితాలు సరిచేయించుకోండి. వ్యాన్ల నుంచి ఊడదీసిన డీజిల్ ఇంజిన్లు మాత్రం వద్దు, ఆ ఊపుకి తలుపులు కూడా గడగడలాడతాయి. తీసిన పాత ఇంజిన్‌ని షెడ్డులో వదిలేసి రాకండి, ఆయిల్ పట్టించి ఇంట్లో ఓ మూల పడేయండి. కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న దాని గురించే.