ఆస్ట్రేలియా 189 వీసా: హైదరాబాద్‌లో ఎదురుచూడాలా, మెల్‌బోర్న్‌లోనా?

189 అంటే నైపుణ్యం ఉన్నవారికి ఆస్ట్రేలియా ఇచ్చే శాశ్వత నివాస వీసా. దానికి అప్లై చేసుకోమని అక్కడి ప్రభుత్వం నుంచి ఇన్విటేషన్ వచ్చిన 60 రోజుల్లోపు అప్లై చేశాక మిగిలేది నిరీక్షణే.

హైదరాబాద్‌లో ఉంటే ఖర్చు తక్కువ, అమ్మానాన్న దగ్గరే ఉంటారు. మెడికల్స్, పోలీస్ క్లియరెన్స్ మామూలుగా 12 నెలలే చెల్లుతాయి కాబట్టి, ఆలస్యమైతే మళ్లీ చేయించాల్సి రావచ్చు.

అప్పటికే మెల్‌బోర్న్‌లో ఉండి అప్లై చేసినవారికి 'బ్రిడ్జింగ్ వీసా ఏ' (A) అనే తాత్కాలిక వీసా ఇస్తారు, 189పై నిర్ణయం వచ్చేదాకా అక్కడే ఉండటానికి. పాత వీసా గడువు తీరగానే అది అమల్లోకి వస్తుంది. అక్కడే ఉండి పని చేసుకోవచ్చు. చేతిలో ఉద్యోగం ఉంటే నా ఓటు దీనికే. జీతంతో పాటు అక్కడి అనుభవమూ పెరుగుతుంది. ఒక్కటే భయం: ఈ బ్రిడ్జింగ్ వీసా మీద ఉండగా దేశం దాటితే ఆ వీసా పోతుంది. నాన్నకు ఒంట్లో బాగోలేదని ఫోన్ వచ్చినా సరే, ముందు, బయటికెళ్లి తిరిగి రానిచ్చే 'బ్రిడ్జింగ్ వీసా బీ' (B) తీసుకున్నాకే విమానం ఎక్కాలి. ఆ టెన్షన్ చిన్నది కాదు.